బొమ్మకి ఎవరి గొంతు?

2006లో ఆన్‌సైట్ ముగించుకుని వస్తూ మా అన్నయ్య కూతురికి ఒక పిల్లల లాప్‌టాప్ తెచ్చాను. లాప్‌టాప్ అంటే నిజంది కాదు. ప్లాస్టిక్ మూత, లోపల బొమ్మలున్న మీటలు. మీట నొక్కితే పేరు చెబుతుంది, పాట పాడుతుంది, ఏదో ఒక ప్రశ్న అడుగుతుంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. పిల్లకి అప్పుడు మూడేళ్లు. విజయనగరంలో మా ఇంటి వరండాలో కూచుని, అన్నం కూడా మర్చిపోయి, దాన్నే నొక్కుతూ ఉండేది.

మూడోరోజో నాలుగోరోజో వాళ్ల నాన్నమ్మ, అంటే మా అమ్మ, పక్కన చేరి మీట మీద బొమ్మ చూపించి "ఇది ఆవు కదే" అంది. పిల్ల "కాదు, కౌ" అంది. అని ఊరుకోకుండా, రుజువు చూపిస్తున్నట్టు మీట నొక్కింది. ఆ డబ్బా "కౌ" అని, ఆ పైన "మూ" అని అరిచింది. మన ఆవులు "అంబా" అంటాయి గదా అని అడిగేవాళ్లెవరూ లేరు. డబ్బాదే గెలుపు.

అమ్మ నవ్వేసి నావేపు తిరిగింది. "దానికి తెలుగు రాదేటి బాబూ?"

"మార్కెట్ లేదమ్మా" అన్నాను. అప్పటికి అది చాలా తెలివైన జవాబు అనుకున్నాను.

ఈమధ్య ఇల్లు సర్దుతుంటే అటక మీద ఆ డబ్బా దొరికింది. బ్యాటరీలు కారిపోయి స్ప్రింగులు పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. పిల్ల ఇంజనీరింగు కూడా అయిపోయింది. అమ్మ లేదు. ప్రశ్న మాత్రం అలాగే ఉంది. నా జవాబు ఎంతవరకు నిజమో చూద్దామని, మాట్లాడే బొమ్మల చరిత్ర వెనక్కి తవ్వుకుంటూ పోయాను. అలా పోతే ఆ దారి చివరికి మళ్లీ మా ఊరికే వచ్చి ఆగింది. ఎలాగో చెప్తాను.

బొమ్మచేత మాట్లాడించాలన్న కోరిక ఎలక్ట్రానిక్స్ కంటే పాతది. ఎడిసన్ 1890లోనే మాట్లాడే బొమ్మని అమ్మకానికి పెట్టాడు. బొమ్మ లోపల బుల్లి ఫోనోగ్రాఫు, వెనకాల తిప్పే పిడి. అప్పటికి రికార్డుకి నకళ్లు తీసే పద్ధతి కుదరలేదు. అందుకని ఫ్యాక్టరీలో ఆడపిల్లల్ని కూచోబెట్టి ఒక్కో బొమ్మకీ విడివిడిగా చిన్నపిల్లల పద్యాలు చెప్పించారు. అంటే ఏ బొమ్మ గొంతు దానిదే! రికార్డులు తొందరగా అరిగిపోయేవి, గొంతు వింటే పిల్లలు జడుసుకునేలా ఉండేది. కొద్ది వారాల్లోనే అమ్మకం ఆపేశారు.

ఆ తర్వాత 1960లో మాటెల్ కంపెనీ తాడు లాగితే మాట్లాడే చాటీ కాథీ బొమ్మని తెచ్చింది. 1965లో సీ ఎన్ సే వచ్చింది. ముల్లుని ఆవు మీద పెట్టి తాడు లాగితే ఆవు అరుపు, పంది మీద పెడితే పంది అరుపు. మా అటక మీది డబ్బాకి ముత్తాత అదే. అయితే వీటిలో ఎలక్ట్రానిక్స్ ఏమీ లేదు, లోపల తిరిగేది చిన్న గ్రామఫోను పళ్లెమే.

చిప్పు సంగతికొస్తే, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) 1976లో లిటిల్ ప్రొఫెసర్ అని తలకిందుల కాలిక్యులేటర్ లాంటిది తెచ్చింది. మామూలు కాలిక్యులేటర్‌ని మనం లెక్క అడిగితే అది జవాబు చెబుతుంది. ఇది లెక్క అడుగుతుంది, పిల్లవాడు జవాబు నొక్కాలి. దానికి గొంతు లేదు. గొంతు వచ్చింది రెండేళ్ల తర్వాత. 1978 జూన్‌లో అదే కంపెనీ స్పీక్ అండ్ స్పెల్ బయటపెట్టింది. పాల్ బ్రీడ్‌లవ్, రిచర్డ్ విగ్గిన్స్, లారీ బ్రాంటింగ్‌హామ్, జీన్ ఫ్రాంట్జ్ అని నలుగురు ఇంజనీర్లు. పని మొదలుపెట్టడానికి కంపెనీ ఇచ్చింది పాతికవేల డాలర్లు. బొమ్మ ఒక మాట పలుకుతుంది, పిల్లలు దాని స్పెల్లింగు నొక్కాలి. 1982లో వచ్చిన ఈటీ సినిమాలో ఆ గ్రహాంతరవాసి తన ఇంటికి ఫోను చెయ్యడానికి విడగొట్టి వాడుకున్నది ఈ బొమ్మనే.

ఇక్కడ మనవాళ్లకి నచ్చే లెక్క ఒకటుంది. ఆ బొమ్మలో మాటలు దాచడానికి రెండు రోమ్ చిప్పులు, ఒక్కోటి 128 కిలోబిట్లు. మొత్తం 256 కిలోబిట్లు, అంటే 32 కిలోబైట్లు. ఇవాళ ఒక ఈమెయిల్ సంతకంలో పెట్టుకునే కంపెనీ లోగో అంతకంటే పెద్దది. టెలిఫోను నాణ్యతతో, సెకనుకి 64 కిలోబిట్ల చొప్పున గొంతుని దాస్తే ఆ జాగాలో పట్టేది నాలుగే నాలుగు సెకన్లు. మరి రెండు వందల లోపు మాటలు ఎలా పట్టాయి?

గొంతుని దాచలేదు, గొంతు పనిచేసే తీరుని దాచారు. మనం మాట్లాడేటప్పుడు గొంతుపెట్టె ఒక శబ్దం పుట్టిస్తుంది, నోరు, నాలుక, పెదాలు దాన్ని మలుస్తాయి. నోటిని ఒక ఫిల్టర్ అనుకుని, సెకనులో కొన్ని పదుల సార్లు ఆ ఫిల్టర్ అంకెల్ని మాత్రం రాసి పెట్టుకుంటే చాలు. చిప్పు ఆ అంకెల్ని చూసి శబ్దాన్ని మళ్లీ తయారుచేస్తుంది. దీన్ని లీనియర్ ప్రెడిక్టివ్ కోడింగ్ అంటారు. సెకనుకి సుమారు 1200 బిట్లు సరిపోతాయి. అంటే నాలుగు సెకన్లు పట్టే చోట మూడున్నర నిమిషాలు పట్టాయి. ఈ పద్ధతి మీద 1960ల చివర్లో ఒకపక్క జపాన్‌లో ఇటాకురా, సైటో పనిచేస్తుంటే, ఇంకోపక్క అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసినవాడు బిష్ణు అటల్. కాన్పూరులో పుట్టి, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పాఠాలు చెప్పి, 1961లో బెల్ ల్యాబ్స్‌కి వెళ్లినాయన. మన సెల్‌ఫోన్లలో గొంతు చిక్కబరిచి పంపే పద్ధతులు కూడా ఆ కుదురు నుంచి వచ్చినవే.

సరే, ఇప్పుడు అమ్మ ప్రశ్న ఆ బొమ్మనే అడుగుదాం. దానికి తెలుగు రాకపోవడానికి మెమరీ కారణమా? కాదు. కొద్దికాలంలోనే ఆ బొమ్మ ఫ్రెంచివాళ్లకి లా డిక్టే మజీక్ అనీ, ఇటలీవాళ్లకి గ్రిల్లో పార్లాంతే అనీ, జర్మనీలో బడ్డీ అనీ వాళ్లవాళ్ల భాషల్లో వచ్చింది. తెలుగైతే ఎంత జాగా పట్టేది? 36 హల్లులకి 16 చొప్పున గుణింతాలు 576. ఒక్కోటి పలకడానికి అర సెకను. మొత్తం 288 సెకన్లు, సెకనుకి 1200 బిట్ల చొప్పున సుమారు 3,45,000 బిట్లు. ఇంకో రోమ్ చిప్పు అతికిస్తే మొత్తం గుణింతం పట్టేస్తుంది. మాటలే చాలనుకుంటే ఉన్నదాంట్లోనే సరిపోను.

డబ్బు కారణమా? అది కొంత నిజం. బొమ్మ ఖరీదు 50 డాలర్లు. 1978లో డాలరు ఎనిమిది రూపాయల పైచిలుకు. జూటు మిల్లులో గుమాస్తాగా చేసిన మా నాన్నగారి నెల జీతంలో సగానికి పైనే. అప్పట్లో మాకు తెలిసిన బొమ్మలన్నీ పైడితల్లమ్మ సిరిమాను తీర్థంలో దొరికేవే. మూడులాంతర్ల దగ్గర రెండు పక్కలా దుకాణాలు వేసేవారు. తాటాకు బూరలు, లక్కపిడతలు, నొక్కితే టిక్కుటిక్కుమనే రేకు కప్ప, ఏటికొప్పాక నుంచి వచ్చే అంకుడుకర్ర బొమ్మలు. ఏటికొప్పాక బొమ్మకి గొంతు లేదు, దాని తరఫున మనమే మాట్లాడాలి. మా చెల్లెలు కర్ర పెళ్లికూతురి చేత వీధివీధంతా మాట్లాడించేది, అదీ అచ్చం మా వీధి యాసలో!

ఆ రోజుల్లో మన ప్రభుత్వం కూడా పిల్లలకి కంప్యూటర్ అన్నప్పుడు పెద్ద పిల్లలనే లెక్కేసింది. 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టులో ముందుగా 250 హైస్కూళ్లకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. అక్షరాలు దిద్దుకునే వయసు పిల్లల గురించి ఆలోచించినవాళ్లు వేరేచోట ఉన్నారు.

వాళ్లలో ఒకావిడ పేరు నెట్‌వర్కింగు వాళ్లకి బాగా తెలుసు. రేడియా పెర్ల్‌మన్, స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ కనిపెట్టినావిడ. దానికి పదేళ్ల ముందు, 1970ల మధ్యలో, ఆవిడ ఎంఐటీలో మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లల కోసం టార్టిస్ అని ఒక ఏర్పాటు తయారుచేసింది. చదవడం రాని పిల్లలు మీటలు నొక్కి, కార్డులు వరసగా దోపి, నేల మీద పాకే తాబేలు రోబోని నడిపించాలి. అది సీమోర్ పాపర్ట్ బృందం 1967లో మొదలుపెట్టిన లోగో భాషకి చంటిపిల్లల రూపం. తేడా గమనించండి. స్పీక్ అండ్ స్పెల్‌లో యంత్రం అడుగుతుంది, పిల్ల జవాబు చెబుతుంది. టార్టిస్‌లో పిల్ల చెబుతుంది, యంత్రం చేస్తుంది. పెత్తనం ఎవరిదన్నదే తేడా. దుకాణాల్లో నెగ్గింది మాత్రం మొదటి రకమే. ఎందుకంటే "మా పిల్లకి ఇన్ని మాటలు వచ్చు" అని చుట్టాలకి చూపించుకోవడానికి అదే వీలు.

ఇంకొకరు మనవాడే. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి. పల్లెటూరి బడిలో ఇసకలో అక్షరాలు దిద్దుకున్న మనిషి కంప్యూటర్‌కి మాట వినడం నేర్పిన తొలితరంలో ఒకడయ్యాడు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. 1980ల మొదట్లో పారిస్‌లో ఫ్రెంచి ప్రభుత్వం పెట్టిన ప్రపంచ కంప్యూటర్ కేంద్రంలో పాపర్ట్‌తో పాటు ఆయన కూడా పనిచేశాడు. అక్కణ్ణుంచే సెనెగల్ దేశంలో డకార్ పిల్లల దగ్గరికి లోగో కంప్యూటర్లు వెళ్లాయి. డకార్ దాకా వెళ్లిన ఆలోచనకి విజయనగరం ఏమంత దూరం కాదు. కానీ అది మా ఊరికి రాలేదు.

వచ్చింది ఇంకోటి. అమెరికాలో మైకేల్ వుడ్ అనే లాయరు, తన కొడుక్కి అక్షరాల ధ్వనులు నేర్పే బొమ్మ దొరక్క, తానే లీప్‌ఫ్రాగ్ కంపెనీ పెట్టాడు. 1995లో ఫోనిక్స్ డెస్క్, 1999లో లీప్‌ప్యాడ్ వచ్చాయి. 2016లో ఆ కంపెనీని హాంకాంగ్‌కి చెందిన వీటెక్ కొనేసింది. ఆయన సమస్య అచ్చమైన ఇంగ్లీషు సమస్య. ఇంగ్లీషులో రాసేది ఒకటి, పలికేది ఒకటి. అందుకే వాళ్లకి స్పెల్లింగు పోటీలు, ఫోనిక్సు. మనకి గుణింతం వస్తే చాలు, విన్నది చాలామటుకు రాసేయొచ్చు. తెలుగు పిల్లకి కష్టమైనవి వేరే ఉన్నాయి. ఒత్తులు, శ ష స తేడాలు, ఇంట్లో మాట్లాడేదానికీ పుస్తకంలో ఉన్నదానికీ మధ్య దూరం. ఆ కష్టాల మీద ఎవరూ బొమ్మ చెయ్యలేదు. ఇంగ్లీషు కష్టం తీర్చడానికి పుట్టిన బొమ్మని, చవకరకం నకళ్లతో సహా, మన దుకాణాల్లోకి దించుకున్నాం. 2000ల నాటికి మా ఊళ్లో గంటస్తంభం పక్క కొట్లలో కూడా ఏ ఫర్ యాపిల్ అనే ప్లాస్టిక్ ఫోన్లు వేలాడుతుండేవి.

ఇలాంటి ముచ్చట మా ఊరి గురజాడ అప్పారావుగారు ముందే రాసిపెట్టారు. కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం కలిసి వెంకమ్మ ఎదుట ఇంగ్లీషు సంభాషణ వినిపిస్తారు చూడండి. ఒకరన్నదానికీ ఇంకొకరన్నదానికీ పొంతన ఉండదు. అందులో ఒక నర్సరీ పద్యం ముక్క కూడా ఉంటుంది. ఆ తల్లి మాత్రం కొడుక్కి ఇంగ్లీషు వచ్చేసిందని పొంగిపోతుంది. ఆ నాటకం మొదటిసారి ఆడింది విజయనగరంలోనే, 1892లో. గిరీశాన్ని డబ్బాలో పెట్టి బ్యాటరీలు వేస్తే మా అటక మీది లాప్‌టాపే :-)

నేను ఇంగ్లీషుకి వ్యతిరేకం కాదు. నా జీతం ఇంగ్లీషు పెట్టిన తిండి. మా అమ్మ కూడా పిల్ల నోట ఇంగ్లీషు మాటలు వస్తుంటే ముందు మురిసిపోయిన మనిషే. ఆవిడ ప్రశ్న ఇంగ్లీషు ఎందుకని కాదు, తెలుగు ఎందుకు రాదని. ఆ రెండింటికీ తేడా ఉంది.

ఇప్పుడు దారి మా ప్రాంతానికి తిరుగుతుంది. గురజాడతో పాటు విజయనగరం మహారాజావారి బడిలో చదువుకున్న ఇంకో కుర్రాడు గిడుగు రామ్మూర్తి. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆ తేదీనే. 1880లో పర్లాకిమిడి బడిలో మేష్టరుగా చేరాడు. చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల భాషకి పుస్తకం లేదు, బడిలో వాళ్లకి అర్థమయ్యే మాట లేదు. రెండు భాషలూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన సవర నేర్చుకున్నాడు. సవరలో పిల్లల వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు పెట్టి మేష్టర్లకి జీతాలిచ్చాడు. ఆ కొండల్లో తిరిగినప్పుడు పట్టుకున్న మలేరియాకి క్వినైన్ మింగీ మింగీ వినికిడి పోగొట్టుకున్నాడు. ఒక భాష ధ్వనుల్ని పట్టుకోవడానికి వెళ్లి చెవుల్ని ఇచ్చేసి వచ్చాడన్నమాట. అయినా ఆపలేదు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది.

తెలుగు విషయంలో ఆయన పోరాటం అందరికీ తెలిసిందే. 1907 ప్రాంతంలో ఈ జిల్లాలకి స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ దొరకి ఒక అనుమానం వచ్చింది. ఈ పిల్లలు ఆడుకునేటప్పుడు మాట్లాడే తెలుగు ఒకటి, క్లాసులో పంతులుగారు చెప్పే తెలుగు ఇంకొకటి, ఎందుకని? ఆ ప్రశ్న గిడుగు, గురజాడల దాకా వచ్చింది, అక్కణ్ణుంచి వ్యావహారిక భాషోద్యమం అయింది. సవర పిల్లకి సవరలో, తెలుగు పిల్లకి తను మాట్లాడే తెలుగులో. గిడుగువారు చెప్పింది రెండు చోట్లా ఒకటే. పిల్ల ఇంట్లో వినే గొంతు దగ్గర చదువు మొదలవ్వాలి.

ఆ మాట ప్రభుత్వం చెవికెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో, వాటిలో సవర, కువి, కొండ భాషలు కూడా ఉన్నాయి, తొలి తరగతులకి మాతృభాషలో చదువు మొదలుపెట్టింది. సవరకి 1936లోనే మంగయి గొమాంగో సొంతంగా ఒక లిపి తయారుచేశాడు. అది 2012లో యూనికోడ్‌లోకి ఎక్కింది. సీతంపేట కొండల్లో (ఆ ప్రాంతం 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది) ఇవాళ ఒక సవర పిల్ల చేతికి మాట్లాడే బొమ్మ ఇస్తే అది ఏ భాషలో మాట్లాడుతుంది? ఇంగ్లీషులో. మహా అయితే తెలుగులో. ఆ పిల్లకి మన తెలుగే మా అమ్మకి "కౌ" లాంటిది. ఈ సంగతి తట్టాక మా అటక డబ్బా మీద కోపం కొంచెం తగ్గి, నా మీద పెరిగింది.

"అదంతా సెంటిమెంటు, బొమ్మ ఏ భాషలో మాట్లాడితే ఏం" అనేవాళ్లకి ఒక పరిశోధన చెప్తాను. అమెరికాలో నార్తర్న్ ఆరిజోనా యూనివర్సిటీకి చెందిన ఆనా సోసా 10 నుంచి 16 నెలల పిల్లలున్న 26 ఇళ్లలో మాటలు రికార్డు చేసింది. ఫలితాలు 2015 చివర్లో వచ్చాయి. పుస్తకాలతో ఆడుకునేటప్పుడు అమ్మానాన్నలు నిమిషానికి దాదాపు 67 మాటలు మాట్లాడారు. కర్ర బొమ్మల్లాంటి మామూలు ఆటవస్తువులతో 56. పిల్లల లాప్‌టాప్ లాంటి మాట్లాడే బొమ్మలతో 40. అంటే బొమ్మ నోరు తెరిస్తే ఇంట్లోవాళ్లు నోరు మూసుకుంటున్నారు. 26 ఇళ్లు చిన్న లెక్కే, పైగా అక్కడ బొమ్మదీ ఇంటిదీ ఒకటే భాష. అయినా అది చదవగానే మా వరండా గుర్తొచ్చింది. మా అమ్మ ఆ డబ్బా పక్కన కూచోవడం మానేసింది నాలుగో రోజు నుంచే. దానితో పోటీ పడలేక కాదు, అది మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడ్డం మర్యాద కాదనుకుని ఉంటుంది.

ఇక ఇప్పటి సంగతి. బొమ్మలకి చెవులు కూడా వచ్చాయి. 2015లో మాట వినే బార్బీ వచ్చింది. అదే ఏడాది నవంబరులో వీటెక్ సర్వర్ల నుంచి దాదాపు 48 లక్షల పెద్దల ఖాతాలు, 60 లక్షల పైచిలుకు పిల్లల వివరాలు దొంగల పాలయ్యాయి. 2017లో జర్మనీ కేలా అనే బొమ్మని గూఢచారి పరికరం కింద లెక్కకట్టి నిషేధించింది. ఇప్పుడు ఏఐ మాట్లాడే బొమ్మల కాలం. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మలు అమ్మకూడదన్నారు, దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి పెంచారు. బొమ్మ ఇక్కడే తయారవ్వాలని దాని ఉద్దేశం. బాగుంది. ప్లాస్టిక్ మనదవుతుంది, మరి గొంతు? తెలుగు పలికే పుస్తకాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి గానీ, నేను విన్నవన్నీ వార్తలు చదివే తెలుగులోనే మాట్లాడాయి. మా ఊరి పిల్ల "నేదు" అంటే అది "లేదు" అని దిద్దుతుంది. యేట్స్ దొర అనుమానం మళ్లీ మొదటికొచ్చింది.

నా మట్టుకు నేను ఒక పని చేశాను, పెద్దదేం కాదు. మా అన్నయ్య మనవడి కోసమని, అంటే ఇంకా పుట్టని వాడి కోసం, ముందుగా మా చెల్లెలి మనవరాలి మీద ప్రయోగం చేశాను. కొన్ని వందల రూపాయలకి దొరికే ఎంపీ3 మాడ్యూలు, మెమరీ కార్డు, స్పీకరు, ఎనిమిది మీటలు. నెట్ కనెక్షన్ లేదు, కాబట్టి దొంగలు పడేందుకూ ఏం లేదు. పెట్టె ఏటికొప్పాక రంగుల్లో చేయించాను. గొంతు కోసం బొబ్బిలి దగ్గర ఉండే మా పెద్దత్త ఇంటికెళ్లాను. ఎనభై దాటిన మనిషి. ఫోను ముందు పెట్టి "పొడుపుకథ చెప్పు అత్తా" అంటే, గొంతు సవరించుకుని, చీర సర్దుకుని, రేడియోలో చెప్పినట్టు అచ్చ పుస్తకాల తెలుగులో మొదలెట్టింది. గిడుగువారు వింటే తల బాదుకునేవారు. ఆ రోజంతా పనికిరాలేదు.

మర్నాడు ఫోను బల్ల మీద పడేసి, ఆవిడ చింతపండు పిక్కలు తీస్తుంటే నేనూ పక్కన కూచున్నాను. "ఏట్రా నిన్నటేల నుంచి ఆ ఫోనట్టుకుని తిరగతన్నావు, పనీపాటా నేదేటి?" అన్న దగ్గర్నుంచి మొదలై రెండు గంటలు పోయింది. పొడుపుకథలు, లెక్కలు, ఆవుకీ పెయ్యకీ దూడకీ తేడా, ఇరుగుపొరుగు మీద చాడీలు. చాడీలు ఎడిట్ చేశాను, మిగతావి మీటలకెక్కాయి. పెట్టె పొడుపుకథ వేసి ఊరుకుంటుంది. జవాబు దానికి పెట్టలేదు. జవాబు కావాలంటే ఇంట్లో పెద్దవాళ్లని అడగాల్సిందే. మొదటివారం పిల్ల ఆ పెట్టె పట్టుకుని ఇల్లంతా తిరిగి అందర్నీ విసిగించిందట. మా చెల్లెలు ఫోను చేసి తిట్టింది. సరిగ్గా నాక్కావలసింది అదే.

మా అమ్మ గొంతు నా దగ్గర ఎంత ఉందో వెతుక్కున్నాను. ఫోటోలు వేలల్లో ఉన్నాయి. గొంతు ఉన్నది ఒక పెళ్లి వీడియోలో, సన్నాయి మోత మధ్య, ఎవరినో కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగడం. ఆరు సెకన్లు. 1978 నాటి ఆ బొమ్మలో మూడున్నర నిమిషాలు పట్టేంత జాగా ఉంది. నా జేబులో ఫోన్లో కొన్ని వేల గంటలకి చోటుంది. పట్టక కాదు, అడగక పోయింది.

మార్కెట్ లేదని ఆవిడకి చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆవిడ అడిగింది మార్కెట్‌ని కాదు, నన్ను. ఈ వారాంతం మీ ఊరెళ్తుంటే ఫోను బల్ల మీద పెట్టి, పక్కన కూచుని, చిక్కుడుకాయలో చింతపండో వలవండి. వాళ్లని మాత్రం పుస్తకాల తెలుగులో మాట్లాడమనకండి.